బల్బు కరెంటు తాగేస్తుందా? విద్యుత్ పాఠంలో ఏ పరికరం ఎక్కడ పనికొచ్చిందో ఒక కేస్ స్టడీ

ఒక బ్యాటరీ, దానికి శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఒకే దారిలో కలిపిన రెండు బల్బులు. రెండూ ఒకే రకానివి. స్విచ్ వేస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ సమానంగానా, లేక మొదటిది ఒక్కటేనా? పదో తరగతి విద్యుత్ పాఠం మొదలుపెట్టే ముందు మా పిల్లలకు వేసిన ప్రశ్న ఇది. సగానికి మించి పిల్లలు మొదటి బల్బుకే ఓటేశారు. కింది తరగతుల్లో వలయాలు చదివి, బిట్లలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు.

మాది ప్రకాశం జిల్లాలో సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టులో ఉన్న ఒక జెడ్పీ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇక్కడ రాస్తున్నది 2024–25లో పదో తరగతి చదివిన బ్యాచ్ గురించి. పరికరాల విషయంలో వీళ్లకు కొరత లేదు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు వీళ్లు ఎనిమిదిలోనే ఉన్నారు. 2023 నుంచి బడుల్లో ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు) బిగించడం మొదలైంది, మా గదిలోనూ నల్లబల్ల పక్కన ఒకటి ఉంది. పాఠ్యపుస్తకం ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. ఇవిగాక నా ఫోను, ల్యాబ్ బీరువాలో టార్చి బల్బులు, హోల్డర్లు, వైర్లు, కరెంటును కొలిచే అమ్మీటర్లు.

ఇన్ని ఉన్నచోట ఏది వాడాలి? మా టీచర్ల మధ్య ఈ మాట వచ్చినప్పుడల్లా ప్యానెల్ ఎంతసేపు వాడుతున్నారు, ట్యాబులో ఎన్ని వీడియోలు చూపించారు అన్న లెక్కల దగ్గర ఆగిపోతోంది. ఆ లెక్క పరికరం గురించి చెబుతుంది, పిల్లల గురించి ఏమీ చెప్పదు. ఈ పాఠంలో పిల్లలు సరిగ్గా ఎక్కడ ఆగిపోతున్నారో ముందు తేలాలి. కంటికి కనబడని విషయం దగ్గర ఆగారా, కొలవడం చేతకాక ఆగారా, రాయలేక ఆగారా, బడికి రాకపోవడం వల్ల వెనకబడ్డారా? ఆగిన చోటును బట్టి పరికరం మారిపోతుంది. ఈ విద్యుత్ పాఠంలో అది ఎలా మారిందో వివరంగా చెబుతాను.

ఎవరి మనసులో ఏముందో తెలియాలి

తరగతిలో ప్రశ్న అడిగితే చేతులెత్తేది ఎప్పుడూ ఆ నలుగురే. మిగతావాళ్లు వాళ్ల వంక చూస్తారు. అందరి జవాబూ ఒకేసారి, పక్కవాడికి తెలియకుండా కావాలంటే ప్లిక్కర్స్ కార్డులకు మించినవి నాకు కనబడలేదు. ప్రతి పిల్లవాడికీ ఒక కార్డు. దానిమీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ, నాలుగు అంచుల మీదా చిన్న అక్షరాల్లో ఏ, బి, సి, డి. తాను ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకుంటాడు. ఒక్కో కార్డు మీద బొమ్మ ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఎవరు ఏం పట్టుకున్నారో పక్కవాడికి అర్థం కాదు. నేను ముందు నిలబడి ఫోనులో ప్లిక్కర్స్ యాప్ తెరిచి కెమెరాను గది మొత్తం మీద తిప్పితే ఎవరి జవాబు ఏమిటో నమోదైపోతుంది. పిల్లలు ఫోన్లు తేకూడని బడిలో ఒక్క టీచరు ఫోనుతో పని అయిపోతుంది.

కార్డుల సెట్టు ఉచితంగా దొరుకుతుంది. తెల్లకాగితం మీద ప్రింటు తీసి పాత నోట్‌బుక్ అట్టలకు అంటించాం. మెరిసే లామినేషన్ చేయించవద్దు, కిటికీ వెలుతురు పడి కెమెరా చదవలేదు. వేళ్లు బొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటిరోజే నేర్పాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. జవాబులు రాగానే ఏ జవాబుకు ఎంతమందో చూపే గ్రాఫు ప్యానెల్ మీద వేయాలనిపిస్తుంది. వేయకూడదు. ఎక్కువమంది ఏం పెట్టారో కనబడిందంటే మిగతావాళ్లు ఆలోచన ఆపి అటు జరిగిపోతారు. గ్రాఫు నా ఫోనులోనే ఉంచుకుని, 'పక్కవాళ్లతో మాట్లాడండి, మీ జవాబు వాళ్ల చేత ఒప్పించండి' అన్నాను. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: ప్రశ్న, ఎవరికి వారు జవాబు, చర్చ, మళ్లీ జవాబు. కాగితం కార్డులతో మన బడిలోనూ చక్కగా నడుస్తుంది.

కాలువ లెక్క

ఆ చర్చలో బెంచీల మధ్య తిరుగుతూ విన్న మాటలే ఈ పాఠాన్ని నడిపించాయి. కిటికీ పక్క బెంచీలో ఒకడు తన పక్కవాడికి గట్టిగా చెబుతున్నాడు.

'ఒరేయ్, మొదటి బల్బు తాగినంత తాగాక మిగిలిందేగా రెండోదానికి పోయేది? మన కాలువ చూడు. పైవాళ్లు మడులు నింపుకున్నాక మనదాకా ఎన్ని నీళ్లొస్తున్నాయి?'

పక్కవాడు కాసేపు ఆలోచించి, 'మరి వైరు మళ్లీ బ్యాటరీలోకే పోతోంది కదరా. కాలువ మళ్లీ డ్యాములోకి పోదుగా' అన్నాడు.

'పోతే పోయింది. మధ్యలో వాడుకుంటారా లేదా?'

పక్కవాడు నా వైపు తిరిగి, 'సార్, బల్బు వాడుకునేది కరెంటేనా, ఇంకేమన్నానా?' అని అడిగాడు.

విద్యుత్ పాఠం మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదే. అప్పటికి నేను జవాబు చెప్పలేదు, ప్రశ్నను మాత్రం బోర్డు మీద రాసి ఉంచాను. బల్బు కరెంటు ప్రవాహాన్ని ఖర్చు చేస్తుందన్న అపోహను అనేక దేశాల పిల్లల్లో పరిశోధకులు 1980ల నుంచీ నమోదు చేస్తూ వస్తున్నారు. మా పిల్లల దగ్గర దానికి వాళ్ల ఊరి అనుభవమే బలమైన ఆధారం. చివరి భూములకు నీళ్లు అందకపోవడం వాళ్లు ఏటా చూస్తున్నదే. అలాంటి నమ్మకం ముందు 'ప్రవాహం వలయమంతటా సమానం' అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు చదివించినా అది పరీక్ష కాగితం మీదికి పోతుందే గాని లోపలికి దిగదు. యానిమేషన్ వీడియో చూపించినా అంతే. వీడియోలో చుక్కలు సమానంగా కదులుతుంటే పిల్లలు తలూపుతారు. వాళ్ల ఊహ తప్పని వీడియో ఎక్కడా నిరూపించదు, ఎందుకంటే ముందుగా ఊహించమని అది అడగదు.

కాబట్టి ఇక్కడ కావలసిన పరికరానికి రెండు గుణాలుండాలి. కనబడని ప్రవాహాన్ని కనబడేలా చేయాలి. పిల్లలు అనుకున్నది చేసి చూసే వీలివ్వాలి.

సిమ్యులేషన్ ఎంతవరకు

భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే ప్రయోగం చేసి చూసే ప్రోగ్రాములు) చాలామంది సైన్స్ టీచర్లకు తెలిసినవే. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఫైలును ముందుగా దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి. మా ఊళ్లో సిగ్నల్ పరిస్థితికి ఇది పెద్ద సౌకర్యం. అందులో డీసీ వలయాలు కట్టే కిట్ ఒకటుంది. బ్యాటరీ, బల్బు, వైరు లాగి కలుపుకుంటూ పోవచ్చు. ఎలక్ట్రాన్లు కదలడం కనబడుతుంది, అమ్మీటరు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టవచ్చు.

ప్యానెల్ మీద దాన్ని తెరిచి, వలయం కట్టే పని ఒక అమ్మాయికి అప్పజెప్పాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల నిరోధమున్న బల్బు ఒకటి. అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపించింది. రెండో బల్బు శ్రేణిలో కలిపింది. ఇక్కడ ఆపించాను. మొదటి బల్బుకు ముందు ఎంత, రెండింటి మధ్య ఎంత, రెండో బల్బు తర్వాత ఎంత ఉంటుందో నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. రాయనిదే అమ్మీటరు కదిలేది లేదు. చాలా పుస్తకాల్లో ముందు ఎక్కువ, మధ్యలో తక్కువ, చివర ఇంకా తక్కువ.

అమ్మాయి అమ్మీటరును మొదటి చోట పెట్టింది: 0.45. మధ్యలో: 0.45. చివర: 0.45. గది ఒక్కసారిగా గోలెత్తింది. 'తిప్పి పెట్టవే', 'బ్యాటరీ తిరగెయ్యి' అంటూ వెనక నుంచి సలహాలు. బ్యాటరీ తిప్పింది, ఎలక్ట్రాన్లు ఎదురు దిశలో పోయాయి, అంకె మారలేదు. కాలువ లెక్క చెప్పినవాడే లేచి, 'మరి ఒక్క బల్బున్నప్పుడు 0.90 కదా సార్, ఇప్పుడు సగమే వస్తోందేం?' అన్నాడు. బల్బు తాగేయడం లేదు, దారికి నిరోధం పెరిగింది కాబట్టి వలయమంతటా ప్రవాహమే తగ్గింది. ఆ మాట నేను చెప్పేలోపు అతని పక్కవాడే చెప్పాడు. బల్బు వాడుకుంటున్నది వైరులో ప్రవహించే విద్యుదావేశాన్ని కాదు, ఆ ఆవేశం మోసుకొచ్చిన శక్తిని అన్నది బోర్డు మీది పాత ప్రశ్న కింద అప్పుడు రాశాను.

సిమ్యులేషన్‌కు ఇంకో గుణం ఉంది. తప్పు చేయనిస్తుంది. బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా వైరుతో కలిపితే తెర మీద బ్యాటరీ మండుతుంది. పిల్లలు ఆ మంట చూడాలని పదేపదే కలిపారు, చూడనిచ్చాను. ల్యాబులో దాదాపు నిరోధమే లేని అమ్మీటరును బ్యాటరీ కొసలకు అడ్డంగా తగిలిస్తే ఏమవుతుందో ఆ మంటే చెప్పేసింది. మర్నాడు నిజమైన అమ్మీటరు పట్టుకున్నప్పుడు ఒక్కరు కూడా దాన్ని అలా తగిలించలేదు.

సమాంతర సంధానం (ఒక్కో బల్బుకు బ్యాటరీ నుంచి వేరే దారి) దగ్గర కథ వేరే. రెండు బల్బులనూ సమాంతరంగా కలిపితే బ్యాటరీ నుంచి వచ్చే ప్రవాహం 1.80 అయింది, ఒక్కో బల్బుకు 0.90. పిల్లలు ఊహించింది 0.90 రెండుగా పంచుకుంటుందని. బ్యాటరీ ఎప్పుడూ ఒకే ప్రవాహాన్ని ఇస్తుందన్నది లోపల పాతుకుపోయిన మరో అపోహ, ఆ ఒక్క పీరియడ్‌తో అది పోలేదు.

బీరువాలోని బల్బులు ఎందుకు తీయాల్సి వచ్చింది

తెర మీద అంత స్పష్టంగా తేలాక ఇక ల్యాబ్ ఎందుకని తోటి టీచర్లు అడుగుతుంటారు. పీరియడ్లు తక్కువ, సిలబస్ ఎక్కువ అన్న బాధ నాకూ ఉంది. అయినా టార్చి బల్బులు తీయాల్సిందేనంటాను. కారణం చూడండి.

రెండు ఘటాలు, ఒక బల్బు, ఒక అమ్మీటరుతో ఒక్కో జట్టూ వలయం కట్టింది. తర్వాత రెండో బల్బు శ్రేణిలో కలిపారు. మూడు చోట్లా రీడింగు ఒకటే వచ్చింది, నిన్న తెర మీద చూసింది చేతిలో కూడా నిజమైంది. కాని ఆ రీడింగు, ఒక్క బల్బుతో వచ్చినదానిలో సగం కాదు. దాదాపు మూడింట రెండు వంతులు. ప్రతి జట్టుకూ అంతే. 'సార్, అమ్మీటరు పాడైంది' అన్నారు. మరో అమ్మీటరు పెట్టారు. అదే వచ్చింది.

సిమ్యులేషన్‌లో మామూలు బల్బు నిరోధం 10 ఓమ్‌లంటే 10 ఓమ్‌లే. నిజం బల్బులో ఫిలమెంటు (వెలిగే సన్నని తీగ) ఎంత వేడెక్కితే నిరోధం అంత పెరుగుతుంది. రెండు బల్బులు పంచుకున్నప్పుడు ఒక్కోదానికి అందే వోల్టేజీ తగ్గుతుంది, ఫిలమెంటు అంతగా వేడెక్కదు, నిరోధం తగ్గుతుంది, అందుకే ప్రవాహం సగానికి పడిపోదు. వోల్టేజీ ఎంత పెరిగితే ప్రవాహం అదే నిష్పత్తిలో పెరుగుతుందనే ఓమ్ నియమానికి 'ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు' అన్న షరతు ఎందుకుందో పాఠ్యపుస్తకంలోని వాక్యం కంటే ఆ రీడింగే గట్టిగా చెప్పింది. ఆ షరతును ఏటా పిల్లలు కంఠతా పడతారు. ఈసారి దాని అవసరం చేతిలో చూశారు.

సమాంతరంగా కలిపినప్పుడు రెండు బల్బులూ కాస్త మసకబారాయి, ఘటాలు పాతబడ్డ జట్టులో ఇంకాస్త ఎక్కువ. అంతర్నిరోధం (ఘటం లోపలే ఉండే నిరోధం) పదో తరగతి పాఠంలో లేకపోయినా, సిమ్యులేషన్‌లోని ఆదర్శ బ్యాటరీకీ బజారులో కొన్న ఘటానికీ తేడా ఉందని మాత్రం చెప్పాను. తెర మీద ఎప్పుడూ రాని చిక్కులు ఇంకా ఉన్నాయి: హోల్డరులో వదులుగా తిరిగిన బల్బు, తుప్పు పట్టిన క్లిప్పు, సున్నా దగ్గర నిలవని ముల్లు. బల్బు వెలగనప్పుడు ఎక్కడ తెగిందో ఒక్కో జాయింటూ పట్టి చూస్తూ పోవడం చేతికి రావలసిన పని. ఇంట్లో ఫ్యాను తిరగకపోతే, పొలం దగ్గర మోటారు స్టార్టరు పట్టకపోతే ఆ నేర్పే పనికొస్తుంది.

అయితే ల్యాబుతోనే మొదలుపెట్టి ఉంటే సగం కాని ఆ రీడింగులు, వదులు కనెక్షన్లు పిల్లల పాత నమ్మకాన్ని ఇంకా బలపరిచేవి. ముందు తెర, తర్వాత చేయి. ఈ పాఠానికి ఆ వరుస ముఖ్యం. అన్ని పాఠాలకూ ఇదే వరుస అనడం లేదు. అయస్కాంతపు ముక్క, ఇనుపరజను ఉన్నచోట ముందు చేత్తో చేయించడమే నాకు ఇష్టం, ఎందుకంటే అక్కడ క్షేత్రం దానంతటదే కంటికి కనబడుతుంది.

ట్యాబు, సుద్దముక్క, పెన్సిలు

ట్యాబులను ఇంతవరకు ప్రస్తావించకపోవడానికి కారణముంది. తరగతిలో వాటి అవసరం పెద్దగా పడలేదు. పైగా రెండేళ్లలో కొన్నింటి స్క్రీన్లు పగిలాయి, కొన్నింటికి ఛార్జింగ్ నిలవదు. అందరి దగ్గరా ఉంటుందని నమ్ముకుని ప్లాన్ వేస్తే ఆ పీరియడ్ పోయినట్టే. ఇద్దరికొక ట్యాబు ఇచ్చి సిమ్యులేషన్ మళ్లీ కట్టించినప్పుడు మాత్రం మంచి మాటలు నడిచాయి. తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కూడా అమలైన క్లిక్స్ అనే కంప్యూటర్ ఆధారిత బోధనా కార్యక్రమంలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి లాగిన్ అయ్యే బడ్డీ ఏర్పాటు ఉండేది. వలయం కట్టడం లాంటి పనికి అది సరైన ఆలోచనేనని నా అనుభవం కూడా చెబుతోంది. ఒకరు కడుతుంటే మరొకరు ఎందుకని అడుగుతారు.

ట్యాబు నిజంగా ఆదుకుంది బడికి రానివాళ్లను. పత్తి తీతలు, మిర్చి కోతల కాలంలో మా పిల్లల్లో కొందరు తల్లిదండ్రులతో పాటు పనికి పోతారు. సంధానాల మీద లెక్కలు చేయించిన రోజున బోర్డు మీది ప్రతి మెట్టునూ చెబుతూ ఫోనులో రికార్డు చేసి వాళ్ల ట్యాబుల్లోకి ఎక్కించాను. ఇంటికొచ్చాక, రాత్రి తీరిక దొరికినప్పుడు, అర్థం కానిచోట ఆపి, వెనక్కి జరిపి చూసుకున్నారు. అపోహను వదిలించడంలో విఫలమైన వీడియోయే ఇక్కడ సరిగ్గా సరిపోయింది. వాళ్లకు అడ్డుపడింది పాఠం జరిగిన రోజు అక్కడ లేకపోవడం, ఆ లోటు తీర్చడానికి ఆపి చూసుకునే వీడియో చాలు.

లెక్కల సాధనకు, వలయ చిత్రాలకు నల్లబల్ల, పెన్సిలు, స్కేలే వాడాను. ప్యానెల్ మీద గీతను అదే సరిచేస్తుంది, బ్యాటరీ గుర్తు నొక్కితే వచ్చేస్తుంది. పరీక్షలో పిల్లవాడి చేతిలో ఉండేది పెన్సిలు. ధన ధ్రువానికి పొడుగు గీత, రుణ ధ్రువానికి పొట్టి గీత అన్నది వేళ్లకు అలవాటు కావాలి. నేను గీస్తుంటే వాళ్లు గీయాలి, నా చెయ్యి నడిచే వేగం వాళ్లు అందుకోగలిగే వేగం.

పరికరం ఇచ్చినంత మాత్రాన చదువు మెరుగుపడదని పెరూ దేశంలో పెద్ద ఎత్తున తేలింది. ఒక్కో పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్ పథకం కింద అక్కడి గ్రామీణ బడులకు ల్యాప్‌టాపులు పంచారు. 2012లో వెలువడిన అధ్యయనం లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన ఆధారం లేదని చెప్పింది. మన ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో మాత్రం నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడదు, ఏ స్థాయిలో ఉన్నాడో చూసి అక్కడి నుంచి ప్రశ్నలిస్తుంది. రెండుచోట్లా కంప్యూటర్లే ఉన్నాయి. పిల్లవాడు ఆగిన చోటుకు పని అందింది రెండోచోటే.

ఏం మారింది, ఏం మారలేదు

పాఠం ముగిసి మూడు వారాలు దాటాక, వేరే పాఠం మధ్యలో ముందు చెప్పకుండా మళ్లీ కార్డులు పంచాను. ఈసారి ప్రశ్నలో రెండు బల్బుల మధ్య ఒక నిరోధకం ఉంది. అదే ప్రశ్న వేస్తే గుర్తున్న జవాబు పెడతారు కాబట్టి మార్చాను. ఒకరిద్దరు తప్ప అందరూ రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయనే పెట్టారు. కాలువ లెక్క చెప్పినవాడు కార్డు ఎత్తి, ఎవరూ అడగకుండానే 'దారి ఒక్కటే కద సార్, ఎక్కడ కొలిచినా ఒకటే' అన్నాడు.

రాతలో మాత్రం ఇంకా చిక్కుంది. కారణం రాయమంటే చాలామంది ప్రవాహాన్నీ శక్తినీ కలిపేసి రాశారు. కార్డు మీద సరైన అక్షరం ఎత్తడం వేరు, రెండు వాక్యాల్లో కారణం చెప్పడం వేరు. దాన్ని దిద్దడానికి ఏ యాప్ అవసరం లేదనుకుంటున్నాను. పిల్లలు రాసిన వాక్యాల్లో మూడింటిని పేర్లు లేకుండా బోర్డు మీద రాసి, ఏది ఎందుకు తప్పో తరగతి చేతే చెప్పించడం మొదలుపెట్టాను. నెమ్మదిగా సాగే పని. సమాంతర సంధానం మీద వేసిన ప్రశ్నకు మూడోవంతు పిల్లలు అప్పటికీ ప్రవాహాన్ని పంచేశారు. దానికి ఇంటి మీటరు బోర్డు దగ్గర నుంచి మొదలుపెట్టే మరో పాఠం కావాలి: లైటు వేసి ఉండగా ఫ్యాను వేస్తే లైటు ఎందుకు మసకబారడం లేదు?

కాంతి పాఠంలో కూడా పద్ధతి ఇదే, పరికరాల వరుస మాత్రం వేరు. కటకం సగానికి నల్లకాగితం అంటిస్తే ప్రతిబింబంలో సగం మాయమవుతుందా అన్నది తొలి కార్డు ప్రశ్న. తర్వాత నిజమైన కుంభాకార కటకంతో కిటికీ బొమ్మను గోడమీద పట్టించి, కాగితం అంటించి చూపించాలి. బొమ్మ పూర్తిగానే ఉండి వెలుతురు మాత్రం తగ్గడం కళ్లారా చూశాక పెన్సిలుతో కిరణ చిత్రం గీస్తారు. సిమ్యులేషన్ ఆఖరున, వస్తువును జరుపుతూ ప్రతిబింబం ఎక్కడ తిరగబడుతుందో వెతకడానికి.